క్లబ్ రిసార్ట్‌లో ఆరుగురి వారం: తాళం చేతికొచ్చాక మొదటి గంటలో చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: మామగారి వెకేషన్ క్లబ్ మెంబర్‌షిప్ (ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు) మీద ఎక్స్ఛేంజ్‌లో, అంటే ఆయన వంతు వారం ఇచ్చి మరో రిసార్ట్‌లో వారం తీసుకునే పద్ధతిలో, ఏడు రాత్రులకు ఒక వన్ బెడ్‌రూమ్ యూనిట్ దొరికింది. వెళ్లేది ఆరుగురు: మీ దంపతులు, అత్తమామలు, 8 ఏళ్ల బాబు, 3 ఏళ్ల పాప. కన్ఫర్మేషన్‌లో 6/4 అనీ, పార్షియల్ కిచెన్ అనీ ఉంది. ఇంతకుముందు హోటళ్లలోనే దిగారు కాబట్టి ఏమేం చూసుకోవాలో చెప్పమన్నారు.

క్లబ్ రిసార్ట్‌ను హోటల్ అనుకుని వెళ్తేనే చిక్కులు మొదలవుతాయి. వారం పాటు మీకు అప్పజెప్పిన అమర్చిన ఇల్లు అది. హోటల్లో రోజూ ఎవరో ఒకరు గదిలోకి వస్తారు, బల్బు పోతే వాళ్లకే కనిపిస్తుంది. ఇక్కడ చాలాచోట్ల వారం మధ్యలో ఒకసారి వచ్చి తువ్వాళ్లు మార్చి, చెత్త తీసుకెళ్తారు, అంతే. ఏదైనా పాడైతే మీరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అందుకే పెట్టెలు విప్పకముందు గడిపే మొదటి గంట మీద మిగతా వారమంతా ఆధారపడుతుంది. దాని గురించే ఎక్కువ రాస్తాను. ముందు కన్ఫర్మేషన్ కాగితం సంగతి చూద్దాం.

6/4లో మొదటి అంకె మొత్తం ఎంతమంది పడుకోవచ్చో చెబుతుంది. రెండో అంకె, మరొకరు పడుకున్న చోటు మీదుగా నడవకుండా బాత్రూమ్‌కి వెళ్లగలిగేవాళ్లు ఎంతమందో చెబుతుంది. అంటే మీ ఆరుగురిలో ఇద్దరికి ఆ ఏకాంతం ఉండదు. వన్ బెడ్‌రూమ్‌లో ఇది సాధారణంగా ఇలా ఉంటుంది: పడకగదిలో పెద్ద మంచం, హాల్లో సోఫా బెడ్, అదే హాల్లో గోడలోంచి దించే మంచమో మడత మంచమో ఇంకొకటి. రిసార్ట్‌కి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. బాత్రూమ్‌లు ఎన్ని? వాటిలో ఒకటైనా హాల్లోకి తెరుచుకుంటుందా? ఆరుగురికీ పడకలు యూనిట్‌లోనే ఉన్నాయా, లేక అదనపు మంచం అడిగి తెప్పించుకోవాలా? ఒకే బాత్రూమ్ ఉండి అది పడకగదిలోంచే అయితే, రాత్రి మూడు గంటలకు పాప లేచినప్పుడల్లా అత్తమామల నిద్ర చెడుతుంది. అది ముందే తెలిస్తే ఎవరు ఎక్కడ పడుకోవాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఆ 6లో పిల్లలు కూడా లెక్కే. చాలాచోట్ల చంటిబిడ్డ ఉయ్యాల మంచంలో పడుకున్నా తలకాయ లెక్కలోకి వస్తుంది. కొన్ని క్లబ్బులు ఉయ్యాల మంచంలో పడుకునే 3 ఏళ్లలోపు బిడ్డను ఒక్కరిని మినహాయిస్తాయి, కానీ మీ పాపకు ఆ వయసు దాటింది. కాబట్టి మీ యూనిట్ ఇప్పటికే నిండిపోయింది. ఏడో మనిషి రెండు రాత్రులు ఉండిపోతానన్నా కుదరదు. అగ్నిప్రమాద నిబంధనల లెక్క అది, రిసెప్షన్ వాళ్లు తలుచుకున్నా సడలించలేరు.

తర్వాత తేదీలు. పాత పద్ధతి క్లబ్బుల్లో ఏడాదిని 1 నుంచి 52 దాకా, కొన్నేళ్లలో 53 దాకా వారాలుగా లెక్కేస్తారు. ఆ వారం శుక్రవారం మొదలవుతుందా, శనివారమా, ఆదివారమా అన్నది రిసార్ట్‌ను బట్టి, కొన్నిచోట్ల ఒకే రిసార్ట్‌లో యూనిట్‌ను బట్టి మారుతుంది. వారం నంబరు చూసి టికెట్లు తీసుకోకండి. చెక్-ఇన్ తేదీ, చెక్-అవుట్ తేదీ రెండూ కాగితం మీద చూసి, ఆ తేదీ శుక్రవారమో, శనివారమో, ఆదివారమో క్యాలెండర్‌తో సరిచూసుకున్నాకే తీసుకోండి. వారాల మార్పిడి పద్ధతి ఎక్స్ఛేంజ్ కంపెనీలైన ఆర్‌సీఐ 1974లో, ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ 1976లో మొదలైన నాటి నుంచీ ఉన్నదే. ఇప్పుడు వారానికి బదులు పాయింట్లు ఇచ్చి, వాటితో బస బుక్ చేసుకోనిచ్చే క్లబ్బులు ఎక్కువైనా ఎక్స్ఛేంజ్ వారాలు చాలామటుకు అదే అచ్చులో ఉంటాయి.

కాగితం కింది భాగంలో చిన్న అక్షరాల్లో తప్పనిసరి చార్జీలు రాసి ఉంటాయి. రిసార్ట్ ఫీజు, పర్యాటక పన్ను, కొన్నిచోట్ల కరెంటు చార్జీ, పార్కింగ్. ఎక్స్ఛేంజ్ ఫీజు కట్టేశాం, ఇక ఏమీ ఉండదనుకునేవాళ్లకు అక్కడే దెబ్బ తగులుతుంది. అన్నిటికంటే పెద్దది ‘మాండేటరీ ఆల్ ఇన్‌క్లూజివ్’ అన్న మాట. అది ఉంటే భోజనాల ప్యాకేజీ మనిషికింత, రోజుకింత అని కట్టి తీరాలి. ఆరుగురికి ఏడు రోజులంటే గది కంటే తిండి ఖర్చే పెద్దదవుతుంది, మీరు వంటగదిని చూసి వేసుకున్న లెక్కలన్నీ తప్పుతాయి. ‘ఆప్షనల్’ అని ఉంటే భయం లేదు. ఏదీ లేకపోతే రిసార్ట్‌కి మెయిల్ రాసి లిఖితంగా జవాబు తెప్పించుకోండి. పిల్లల ధర ఏ వయసు దాకా అన్నది కూడా అందులోనే అడగండి.

బుకింగ్ మామగారి పేరు మీద ఉంది. ఆయన మీతోపాటే వస్తే ఇబ్బంది లేదు. ఆయన ఒకరోజు ఆలస్యంగా వచ్చేటట్టుంటే, లేదా ఆరోగ్యం బాగోక ఆగిపోతే, మీరు మాత్రమే కౌంటర్ దగ్గర నిలబడితే తాళం ఇవ్వరు. దానికి గెస్ట్ సర్టిఫికెట్ అని ఒకటి ఉంటుంది. మెంబరు తన ఖాతాలోంచి మీ పేరుతో తీయాలి, చాలా క్లబ్బుల్లో దానికి ఫీజు ఉంటుంది. పేరు మీ గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పెద్దవాళ్లతో ప్రయాణం కాబట్టి ఇది ముందే తీసి పెట్టుకోవడం మంచిది. బయల్దేరే రోజు ఉదయం ఎక్స్ఛేంజ్ కంపెనీ కాల్ సెంటర్ దొరకడం గగనం.

యూనిట్ ఎక్కడ కావాలో అడగడానికి సరైన సమయం చేరడానికి వారం ముందు. అడగాల్సింది రిసార్ట్‌ని, ఎక్స్ఛేంజ్ కంపెనీని కాదు. యూనిట్లు ఎవరికేది అని పంచేది రిసార్ట్ వాళ్లే. పది కోరికలు రాస్తే ఒక్కటీ చూడరు. రెండే రాయండి, ముఖ్యమైనది ముందు. మీ విషయంలో మొదటిది బాత్రూమ్. చాలా యూనిట్లలో షవర్ బాత్ టబ్ లోపలే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ టబ్ అంచు దాటడం కష్టం, తడిసిన టబ్‌లో జారడం తేలిక. ‘అంచు లేని షవర్ ఉన్న యూనిట్ కావాలి, మాతో వృద్ధులున్నారు’ అని రాయండి. రెండోది ‘కింది అంతస్తు, లేదా లిఫ్ట్‌కు దగ్గర’. మంచి వ్యూ కావాలని అడగాలనిపిస్తుంది గానీ ఈసారికి వదిలేయండి. ఇది విన్నపమే, హామీ కాదు. అయినా కారణం స్పష్టంగా రాసినవాటికి విలువ ఉంటుంది.

చెక్-ఇన్ సాయంత్రం నాలుగుకు, చెక్-అవుట్ ఉదయం పదికి అని ఉంటే ముందుగా ఇస్తారని ఆశపెట్టుకోకండి. హోటల్లో రోజుకు కొన్ని గదులే ఖాళీ అవుతాయి. క్లబ్బులో ఒకే రోజున భవనంలో చాలా యూనిట్లు మారతాయి, ప్రతిదానిలోనూ వంటగది, బాల్కనీ, మూడు నాలుగు పడకలు శుభ్రం చేయాలి. ఆ ఆరు గంటలూ వాళ్లకే చాలవు. మధ్యాహ్నానికే చేరినా రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోవచ్చు. సామాను క్లోక్ రూమ్‌లో పెట్టి, పిల్లల్ని పూల్ దగ్గరకు తీసుకెళ్లవచ్చు. కాబట్టి ఈత దుస్తులు, తువ్వాలు, పాప మార్పుడు బట్టలు, అత్తమామల మందులు, ఏదైనా కొంచెం తినేది, ఇవన్నీ విడిగా ఒక చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టె అడుగున ఉంటే నాలుగింటి దాకా పనికిరావు. డిపాజిట్ కోసం కార్డు అడుగుతారు. క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోని సొమ్మే ఆగిపోతుంది, తిరిగి వదలడానికి రోజులు పడుతుంది.

ఇక తాళం చేతికొచ్చాక. పెట్టెలన్నీ బాత్రూమ్ గచ్చు మీద పెట్టండి, మంచాల మీదా తివాచీ మీదా కాదు. ఒకరు పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుంటే మరొకరు ఫోన్‌లో వీడియో తీస్తూ లోపల ఒక చుట్టు తిరగండి. గోడలు, సోఫా, వంటగట్టు, గాజు పలకలు అన్నీ రావాలి. ముందునుంచే ఉన్న గీతలూ మరకలూ మీ ఖాతాలో పడకుండా ఉండటానికి అదొక్కటే ఆధారం.

తర్వాత పరుపులు. తలవైపు మూలల్లో దుప్పటి ఎత్తి, పరుపు అంచు కుట్టు వెంబడి ఫోన్ టార్చ్‌తో చూడండి. నల్లులుంటే కుట్టు మడతల్లో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, తుప్పు రంగు మరకలు, పారదర్శకమైన పొట్టు కనిపిస్తాయి. పెద్ద నల్లి అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి ఆనుతుంది. అందరూ మంచాలే చూస్తారు, సోఫా బెడ్ మరచిపోతారు. దాన్ని పూర్తిగా తెరిచి, మడత పడే చోట చూడాలి. కనిపిస్తే ఫోటో తీసి, సామాను కదపకుండా, వేరే యూనిట్ అడగండి. అది పక్క యూనిట్టూ, సరిగ్గా పైదీ కిందిదీ కాకుండా చూసుకోండి, నల్లులు గోడల సందుల్లోంచి అటూ ఇటూ నడుస్తాయి.

బాత్రూమ్‌లో వేడి కొళాయి, చల్ల కొళాయి, షవర్ కొన్ని నిమిషాల పాటు పారనివ్వండి. షవర్ తలను కిందికి వంచి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేయండి. యూనిట్ ముందు వారాల్లో ఖాళీగా ఉంటే పైపుల్లో నిలవనీరు గోరువెచ్చగా ఉండి లెజియోనెల్లా బాక్టీరియా పెరగొచ్చు. అది తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, 50 దాటినవాళ్లకు ముప్పు ఎక్కువ. అప్పుడే వేడినీళ్ల వేడి కూడా తేలిపోతుంది. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, 49 డిగ్రీలైతే అదే గాయానికి నిమిషాలు పడుతుంది. చేతికి చురుక్కుమంటే మెయింటెనెన్స్‌కి చెప్పి తగ్గించమనండి. ఈ లోపు పాపకు స్నానం చేయించేటప్పుడు ముందు చల్లనీళ్లు, తర్వాత వేడినీళ్లు తిప్పండి. కట్టేటప్పుడు వేడి కొళాయి ముందు కట్టండి.

బాల్కనీ తలుపు గొళ్లెం పాప చేతికి అందుతుందా లేదా చూడండి. కటకటాల సందు 10 సెంటీమీటర్లకు మించకూడదని చాలా భవన నిబంధనలు చెబుతాయి. పాత భవనాల్లో అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. అసలు ప్రమాదం మాత్రం సందుల్లో కంటే కుర్చీల్లో ఉంది. 3 ఏళ్ల పిల్ల కుర్చీని రెయిలింగ్ దాకా లాక్కెళ్లి ఎక్కగలదు. బాల్కనీ కుర్చీలూ బల్లా లోపలికి తెచ్చేయండి, లేదా తీసేయమని హౌస్‌కీపింగ్‌కి చెప్పండి. పెద్దవాళ్లు టీ తాగడానికి కుర్చీ కావాలంటే అప్పటికప్పుడు తీసుకెళ్లి, లోపలికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవాలి.

ఏసీ ఆగిపోయిందన్న ఫిర్యాదు రిసెప్షన్‌కి రోజూ వెళ్తుంది. అందులో చాలావరకు మెషిన్ తప్పు కాదు. బాల్కనీ తలుపుకి అయస్కాంతపు స్విచ్ ఉంటుంది, తలుపు పూర్తిగా మూతపడకపోతే ఏసీ దానంతట అదే ఆగుతుంది. తలుపు జరిపి, పిడి పైకో కిందికో తిప్పి, గట్టిగా బిగిసేలా వేయండి. రెండు మూడు నిమిషాల్లో మొదలవుతుంది. ఇంకొన్ని యూనిట్లలో కదలిక పసిగట్టే సెన్సర్ ఉంటుంది, అందరూ నిద్రపోయి కదలిక లేకపోతే ఏసీ తగ్గిపోతుంది. రాత్రి రెండింటికి ఉక్కపోసి లేస్తున్నారంటే అదే. రిసెప్షన్‌లో అడిగితే సెన్సర్ ఆపేయగలరు.

హాల్లో మరో తలుపు కనిపిస్తే అది లాక్-ఆఫ్ తలుపు. టూ బెడ్‌రూమ్ యూనిట్‌ను రెండుగా విడదీసి ఇచ్చినప్పుడు మధ్యలో ఉండేది. అవతల వేరే కుటుంబం ఉంటుంది. మీ వైపు గడియ పడిందా లేదా చూసి, పాప తిప్పకుండా ముందొక కుర్చీ పెట్టండి. ఆ తలుపు సందులోంచి మాటలు బాగా వినిపిస్తాయి కాబట్టి దాని పక్కన అత్తమామల పడక వేయకండి. సందు కింద తువ్వాలు చుట్టి పెడితే చాలా తగ్గుతుంది.

ఇక వంటగది. పార్షియల్ కిచెన్ అన్న మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం. కొన్నిచోట్ల రెండు బర్నర్ల స్టవ్వు ఉంటుంది, ఓవెన్ ఉండదు. ఇంకొన్నిచోట్ల మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, సింకు, అంతే. యూనిట్ వస్తువుల జాబితా పంపమని మెయిల్‌లో అడగండి, చాలా రిసార్ట్‌ల దగ్గర అది సిద్ధంగా ఉంటుంది. ఆరుగురికి సరిపడే పెద్ద గిన్నె, పదునున్న కత్తి, ఈ రెండూ దాదాపు ఎక్కడా ఉండవు. కత్తి ఒకటి తొడుగు వేసి పెద్ద పెట్టెలో పెట్టుకోండి, విమానంలో చేతి సంచిలో పెడితే తీసేస్తారు. స్టవ్వు ఇండక్షన్ అయితే గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి. మీరు తీసుకెళ్లే అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు. చిన్న అయస్కాంతంతో ఇంట్లోనే చూసుకుని పెట్టుకోండి. అక్కడ స్టవ్వు వెలగకుండా తెర మీద ఎల్ అక్షరమో తాళం బొమ్మో కనిపిస్తే అది చైల్డ్ లాక్, తాళం గుర్తున్న మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తెరుచుకుంటుంది. పని అయ్యాక మళ్లీ వేయండి. గాజు పలక మీద హెచ్ అక్షరం వెలుగుతున్నంతసేపూ అది చేయి కాలేంత వేడిగా ఉందని అర్థం.

చేరగానే చేయాల్సిన పని ఫ్రిజ్ చూడటం. ఒక కుటుంబం ఖాళీ చేసి మరొకటి వచ్చేలోగా దాన్ని కనిష్ఠంలో పెడతారు, కొన్నిచోట్ల ప్లగ్గే తీసేస్తారు. మధ్యస్థం కంటే ఒక మెట్టు ఎక్కువ పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. వెంటనే ఆరుగురి సరుకులు కుక్కేస్తే తెల్లారేదాకా చల్లబడదు, పాలు విరుగుతాయి. మొదటి సాయంత్రం రేపు ఉదయానికి కావలసినంతే తెచ్చుకుని, పెద్ద కొనుగోలు మర్నాడు చేయడం మేలు. లోపల 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి గ్లాసుడు నీళ్లలో వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచితే పొద్దున నిజం తెలుస్తుంది. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకండి, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. పూల్ గట్టుకి తీసుకెళ్లిన డబ్బాల విషయంలో ఇది మరచిపోయి పిల్లలకు విరేచనాలు తెచ్చిపెడతారు.

డిష్‌వాషర్ ఉంటే అందులో గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ ఒక్క చుక్క కూడా పోయకండి. లోపల నురగ పొంగి తలుపు కిందినుంచి వంటగదంతా పారుతుంది. ఇచ్చిన టాబ్లెట్లు ఒకటో రెండో వాడకాలకే వస్తాయి, వారానికి ఏడెనిమిది కావాలి, ఇంటి నుంచే ఒక డబ్బాలో వేసుకెళ్లండి. సింకు పక్కన లైటు స్విచ్చిలా కనిపించేది చెత్త నలిపే మిషనుది కావచ్చు. అది ఏమిటో తెలిసేదాకా సింకులో చేయి పెట్టి స్విచ్చి వేయొద్దని బాబుకు చెప్పండి. ఉతికి ఆరబెట్టే పనులు రెండూ ఒకే మిషను చేసేదైతే, ఉతికినంతా ఒకేసారి ఆరదు. ఆరే సామర్థ్యం ఉతికేదానిలో దాదాపు సగమే. సగం బట్టలు తీసేసి ఆరబెట్టండి, లేకపోతే మూడు గంటలు తిరిగినా తడిగానే వస్తాయి. విడిగా డ్రయర్ ఉంటే ప్రతిసారీ ముందు పీచు జల్లెడ దులపాలి. మీ ముందువాళ్లు దులిపి ఉండరు.

ఎవరు ఎక్కడ పడుకోవాలి? పడకగది అత్తమామలకే. సోఫా బెడ్ నేలకు దగ్గరగా ఉంటుంది, దాని మీంచి లేవడానికి మోకాళ్ల మీద బరువు పడుతుంది, పైగా పలచటి పరుపు కింద అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీ సరిగ్గా నడుముకి తగులుతుంది. పిల్లలకు ఆ బరువు ఉండదు కాబట్టి తెలియదు. పెద్దవాళ్లెవరైనా దాని మీద పడుకోవాల్సి వస్తే, అలమరలోని అదనపు కంఫర్టర్‌ను రెండు మడతలు వేసి దుప్పటి కింద నడుము భాగంలో పరవండి. సోఫా తెరిచేటప్పుడూ మడిచేటప్పుడూ పిల్లలు దగ్గర ఉండకూడదు, ఆ కీళ్లలో వేళ్లు నలుగుతాయి. మొదటి రాత్రికి బాత్రూమ్ దారిలో ఒక చిన్న నైట్ ల్యాంప్ పెట్టండి. కొత్తచోట నిద్రమత్తులో నడిచేటప్పుడు టీపాయ్ తగిలి పడటం పెద్దవాళ్లకు బాగా జరిగే ప్రమాదం, టీపాయ్‌ను మూలకు జరిపేయండి.

పూల్ గురించి. దిగేముందు గట్టు మీద నిలబడి లోతైన వైపు అడుగున ఉన్న డ్రెయిన్ మూత చూడండి. అది స్పష్టంగా కనిపించకపోతే నీళ్లు మురికిగా ఉన్నట్టే, ఎవరైనా మునిగినా కనపడదు. మూత విరిగి ఉన్నా, ఊడి ఉన్నా దిగొద్దు, చెప్పి పూల్ మూయించండి. డ్రెయిన్ నీళ్లను లాగే బలానికి జుట్టూ చేతులూ ఇరుక్కుంటే పెద్దవాళ్లు కూడా లాగలేరు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే శుభ్రంగా ఉందనుకుంటాం, అది తప్పు. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి తయారయ్యే క్లోరమైన్ల వాసన అది. పరీక్ష పట్టీలు చవకే, ఒక చిన్న సీసా తీసుకెళ్లండి. క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు), వేడినీళ్ల తొట్టి అయిన హాట్ టబ్‌లో కనీసం 3, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. హాట్ టబ్ 40 డిగ్రీలు మించకూడదు. 5 ఏళ్లలోపు పిల్లలు అసలు దిగకూడదు, అంటే మీ పాప ఒడిలో కూర్చున్నా వద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు డాక్టర్ని అడిగాకే.

మునిగిపోతున్న పిల్ల అరవదు, చేతులు ఊపదు. ఊపిరి కోసం నోరు నీటి మట్టంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, నిమిషం లోపే అయిపోతుంది. ఆరుగురున్న కుటుంబంలో ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అనుకోవడమే అసలు ముప్పు. అందుకే పావుగంటకు ఒకరి వంతు అని పెట్టుకోండి. వంతు ఉన్నవాళ్ల మెడలో ఏదైనా గుర్తు, విజిల్ గానీ తాడు గానీ వేసి, ఆ పావుగంట వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదని అనుకోండి. పాప విషయంలో చూడటం సరిపోదు, చేయి చాస్తే అందేంత దగ్గర ఉండాలి. గాలి నింపే చేతి పట్టీలు రక్షణ సాధనాలు కావు, బరువుకు తగ్గ లైఫ్ జాకెట్ వేయండి. గంటకోసారి ఇద్దరినీ బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. విరేచనాలుంటే పూల్ మానేయాల్సిందే, క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్ నీళ్లలో వారానికి పైగా బతుకుతుంది.

కిడ్స్ క్లబ్‌లో చాలాచోట్ల కనీస వయసు 4, బాత్రూమ్ అలవాటు పూర్తిగా అయి ఉండాలి. బాబును తీసుకుంటారు, పాపను అమ్మానాన్నల్లో ఒకరు వెంట ఉంటేనే. బాబు పేరు మొదటి సాయంత్రమే రాయించండి, నీళ్ల ఆటలూ చేతిపనుల తరగతులూ రెండో రోజుకల్లా నిండిపోతాయి. పాప చేతికి కట్టే పట్టీ మీద మీ ఫోన్ నంబరు, భవనం పేరు, యూనిట్ నంబరు రాయండి. ఆ భవనం పేరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. అంబులెన్స్ పిలవాల్సి వస్తే రిసార్ట్ పేరొక్కటే చెబితే గేటు దాకానే వస్తుంది, ఇరవై భవనాల్లో మీది ఏదో వెతుక్కోవాలి.

చెక్-ఇన్ అయ్యాక ‘పార్కింగ్ పాస్ అక్కడ తీసుకోండి’ అని పక్క బల్ల చూపిస్తారు. అది రిసెప్షన్ కాదు, క్లబ్ మెంబర్‌షిప్‌లు అమ్మే బల్ల. చిన్న బహుమతి ఇస్తామనీ, 90 నిమిషాల ప్రెజెంటేషన్‌కి భార్యాభర్తలిద్దరూ రావాలనీ అంటారు. మెంబర్ కాబట్టి మామగారిని ‘ఓనర్ అప్‌డేట్’ పేరుతో పిలుస్తారు, అదీ అమ్మకమే. వద్దంటే మీ బసకు ఏమీ కాదు. పాస్ మాత్రం తీసుకుని, ‘ఈ వారం కుదరదు’ అని ఒక్కసారి చెబితే చాలు, కారణాలు చెప్పకండి. చెప్పిన ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. వెళ్లాలనిపిస్తే కార్డులు యూనిట్‌లోని లాకర్‌లో పెట్టి వెళ్లండి. గత అయిదేళ్లలో ఏటా మెయింటెనెన్స్ ఫీజు ఎంత ఉందో కాగితం మీద చూపించమనండి. ఈ రోజే చివరి అవకాశం అంటే సంతకం పెట్టకండి. పొరపాటున పెట్టినా రద్దు చేసుకునే గడువు చట్టంలో ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 14 రోజులు, ఆ గడువు ముగిసేదాకా అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 10 రోజులు. రద్దు ఉత్తరం ఎవరికి, ఏ విధంగా పంపాలో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. నోటిమాట చెల్లదు, పంపినట్టు రుజువు ఉంచుకోండి.

వారం మధ్యలో బిల్లు ఒకసారి ప్రింట్ అడిగి చూసుకుంటే, ఎవరో వేరేవాళ్ల యూనిట్ భోజనం మీ మీద పడటం లాంటివి అప్పుడే బయటపడతాయి. పూల్ తువ్వాళ్లు కార్డు మీద ఇస్తారు, ఆరు కార్డులూ ఒకే చోట ఉంచండి, పోయినదానికి డబ్బు తీసుకుంటారు. చివరి రాత్రి ఫైనల్ బిల్లు తీసి సరిచూసుకోండి. పొద్దున పది దగ్గర పడేసరికి అక్కడ పెద్ద వరస ఉంటుంది, అందరూ ఒకే రోజు ఖాళీ చేస్తారు కాబట్టి. చెక్-అవుట్ ఉదయం డిష్‌వాషర్ నడిపించి, చెత్త బయట పెట్టి, సోఫా బెడ్ మడిచే ముందు దుప్పటి మడతల్లో పాప బొమ్మలున్నాయేమో చేయి పెట్టి చూడండి. ఫ్రిజ్ తలుపు అరలు, డ్రయర్ లోపలి డ్రమ్ము, బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం, లాకర్, మంచం పక్క సాకెట్‌లో చార్జర్. జనం వస్తువులు వదిలేసి వెళ్లేది ఈ అయిదు చోట్లే. తర్వాత మొదటి రోజు తీసినట్టే గదంతా మరోసారి వీడియో తీసి, డిపాజిట్ తిరిగి ఖాతాలో పడేదాకా రెండు వీడియోలూ ఫోన్‌లో ఉంచండి.